అమ్మకి తొలి బంతి

మెనూ కార్డు నా బొటనవేలికి అంటుకుంది. మాటవరసకి అనడం లేదు, నిజంగానే అతుక్కుపోయి, లాగితే చప్పుడు చేస్తూ ఊడి వచ్చింది. ఎవరి పిల్లలో ఐస్‌క్రీం చేత్తో పట్టుకుని ఉంటారు, లేకపోతే ఏ పులుసో ఒలికి ఉంటుంది. అదేమిటో తెలుసుకోవాలన్న సరదా నాకు లేదు. తుడిచి ఇవ్వమని సర్వర్ని అడిగితే, అంతకుముందే మా బల్ల మీది మెతుకులు తుడిచిన గుడ్డతోనే దాన్నీ తుడిచి, మహా గౌరవంగా రెండు చేతులతో అందించాడు. మా ఆవిడ చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నవ్వింది. రాజమండ్రిలో మేము చూసిన మొదటి హోటలు అది.

మేము అక్కడికి ఆకలేసి వెళ్ళలేదు. అమ్మకి ఎనభై నిండుతున్నాయి. ఆ రోజున కొడుకులు, కూతురు, కోడళ్ళు, మనవలు, మునిమనవలు అందరం ఒకచోట కూర్చుని భోంచెయ్యాలనుకున్నాం. ఆ చోటేదో వెతికే పని నా నెత్తిన పడింది. తమ్ముడిది హైదరాబాద్‌లో ఉద్యోగం. అక్కకి అల్లవరం దగ్గర రొయ్యల చెరువులు, వాటిని వదిలి ఒక పూట కదలాలన్నా కుదరదు. కొత్తపేట పక్క ఊళ్ళో కొబ్బరితోట, కాస్త వరిచేను చూసుకుంటూ అమ్మతో కలిసి ఉంటున్నవాణ్ణి నేను. ఊళ్ళో ఉండేవాడికి పనేముంటుందని వాళ్ళ ఉద్దేశం. అప్పుడు మా తోటలో కొబ్బరికాయల దింపు నడుస్తోంది, చెట్టెక్కే మనుషులు దొరకడమే గగనంగా ఉంది, అయినా కిక్కురుమనకుండా ఒప్పుకున్నాను.

హోటలెందుకు, ఇంట్లోనే చేసుకోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. కుదరదు. మా ఇళ్ళల్లో శుభకార్యమంటే బంతి భోజనాలు. వరసగా కూర్చోబెట్టి ఆకులు వేసి, ఒక బంతి లేచాక ఇంకో బంతికి వడ్డిస్తారు. తొలి బంతిలో చుట్టాలు, పెద్దలు, మగవాళ్ళు, పిల్లలు. ఆ తరవాత ఊళ్ళోవాళ్ళు. అందరూ తిని, కిళ్ళీలు వేసుకుని, వసారాలో నడుం వాల్చాక ఇంటి ఆడవాళ్ళ బంతి. అది కడబంతి. ఆ కడబంతిలో కూడా ఆఖరి ఆకు మా అమ్మది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనని సామెత చెప్పుకుంటాం. వడ్డించేది తానే అయిన మనిషి సంగతి ఆ సామెత పుట్టించినవాడికి తట్టినట్టు లేదు.

అమ్మని తొలి బంతిలో కూర్చోబెట్టాలని మేము ప్రయత్నించకపోలేదు. మా పెద్దమ్మాయి పెళ్ళిలో పట్టుబట్టి కూర్చోబెట్టాం. ఆకు ముందు సర్దుకుందో లేదో, నెయ్యి డబ్బా కనపడటం లేదని లోపల్నించి ఎవరో కేకేశారు. ఎక్కడుందో చూపించి వస్తానని లేచింది. మళ్ళీ వచ్చేసరికి మేము మజ్జిగలో ఉన్నాం. అక్క కొడుకు గృహప్రవేశానికి వంటవాళ్ళని పెట్టుకున్నారు కదా, ఇక ఈవిడకి పనుండదని ధీమాగా ఉన్నాం. చూస్తే షామియానా వెనకాల పీట వేసుకుని కూర్చుని, పులిహోరలో ఉప్పు చాలిందో లేదో చెబుతోంది. ఆ రోజూ కడబంతే.

చివరికి అక్కే తేల్చింది. ఇంట్లో చేసినా, ఫంక్షన్ హాల్లో చేసినా అమ్మ లేచి వంటల దగ్గరికి పోతుంది కాబట్టి, వంటిల్లు ఎక్కడుందో కనపడని చోటికి తీసుకుపోవాలంది. సిటీలో పెద్ద హోటలైతే వంటింట్లోకి రానివ్వరు, తలుపు మీదే రాసి ఉంటుంది. అక్కడ అమ్మని నట్టనడుమ కూర్చోబెట్టి, అందరికంటే ముందు ఆవిడ ఆకులో వడ్డించాలి. బతుకులో ఒక్కసారైనా అమ్మ తొలి బంతిలో తినాలి. ఈ మాటన్నప్పుడు ఫోన్లో అక్క గొంతు మారింది. అంతటి మనిషి గొంతు మారితే నేను కాదంటానా.

కాబట్టి నేను వెతకాల్సిన హోటలుకి ఉండాల్సిన లక్షణం ఒకటే. కూర్చోబెట్టి వడ్డించాలి. ఇది కూడా ఒక కోరికేనా అనుకుని బయల్దేరాను.

మెనూ అంటుకున్న హోటల్లో నీలం దీపాలు పెట్టారు. అదేదో అందమట. ఆ వెలుతురులో అన్నం నీలంగా, పెరుగు నీలంగా, సర్వర్ పళ్ళు నీలంగా కనిపించాయి. పనసపొట్టు కూర ఉందంటే తెమ్మన్నాను. మా వైపు లేత పనసకాయ తెచ్చి, కత్తితో సన్నగా పొట్టు కొట్టి, ఆవ పెట్టి చేస్తారు. వీళ్ళు పనసముక్కల్ని బంగాళాదుంపల్లా కోసి, టమాటా వేసి, మసాలా దట్టించి తెచ్చారు. పైన క్రీము కూడా పోశారు. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. కాగితం రుమాలులో ఉమ్మేశాను. మా ఆవిడ లేచి బాత్రూం వైపు వెళ్ళింది. పాపం ఈవిడకీ వికారం పెట్టిందనుకున్నాను. రెండు నిమిషాల్లో తిరిగి వచ్చి బ్యాగు భుజాన వేసుకుంది.

“వంటిల్లు మనకెలాగూ చూపించరు కదండీ. బాత్రూం చూస్తే వంటిల్లు చూసినట్టే. లేవండి,” అంది.

ఆ రోజు నుంచి మా తనిఖీకి అదే పద్ధతయింది. నేను మేనేజరుతో మాట్లాడుతూ ఉంటే మా ఆవిడ నేరుగా బాత్రూంలోకి వెళ్ళి వచ్చేది. ఆవిడ మొహం చూస్తే నాకు సంగతి తెలిసిపోయేది. ఒకచోట పింగాణీ గిన్నె మీద కలరా ఉండలు పేర్చి, గులాబీ వాసన కొట్టే మందేదో చల్లి, కిందంతా చీలమండ తడిసేలా నీళ్ళు వదిలేశారట. ఇంకోచోట చేతులు కడుక్కునే తొట్టిలో ఎవరో తాంబూలం ఉమ్మి, దాని మీద ఎవరో నిమ్మచెక్క వేసి వెళ్ళారట. ఆ సంగతులు ఆవిడ ఊళ్ళో కారు దిగేదాకా చెప్పేది కాదు. చెప్పాక నాకు రాత్రి అన్నం సయించేది కాదు.

తమ్ముడు హైదరాబాద్‌లో కూర్చుని రోజుకొక హోటలు వివరాలు ఫోన్లో పంపేవాడు. ఒక్కోదానికి నాలుగు చుక్కలు, నాలుగున్నర చుక్కలు. నేను వద్దన్న ప్రతి హోటలూ అతనికి నచ్చింది. నువ్వు ప్రతిదానికీ వంకలు పెడుతున్నావన్నాడు. ఆ చుక్కలిచ్చినవాళ్ళు బాత్రూంకి వెళ్ళి ఉండరని చెప్పాను. నవ్వాడు. అతనికి నవ్వుగానే ఉంటుంది.

అతను పంపినవాటిలో ఒకటి బఫే. ఆ హాలు చూస్తే కళ్ళు తిరిగాయి, నేల అద్దంలా ఉంది, పైన గాజు దీపాల గుత్తులు. పైన పటారం, లోన లొటారం. బల్లల మీద గిన్నెలు బారుగా పెట్టి, కింద మంట పెట్టి ఉంచారు. పచ్చిమిరపకాయ బజ్జీల దగ్గరి పట్టకారు తీసి చేపముక్కల్లో పెట్టి, అదే తెచ్చి గారెల్లో పెడుతున్నాడొకాయన. ఒకావిడ గరిటెతో సాంబారు కొంచెం అరచేతిలో పోసుకుని నాకి, బాగాలేదనిపించిందో ఏమో, ఆ గరిటెని మళ్ళీ అందులోనే వదిలేసింది. పెరుగు గిన్నెలో బిర్యానీ మెతుకులు తేలుతున్నాయి. ఆ వరసలో ఒక ముసలాయన, చంకలో చేతికర్ర ఇరికించుకుని, రెండు చేతులతో పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. ముందున్న కుర్రకారు కదిలితే ఒక అడుగు వేస్తున్నాడు. ఆయనతో వచ్చినవాళ్ళు అప్పటికే కూర్చుని తింటున్నారు. ఆ వయసు మనిషి పళ్ళెం పట్టుకుని నిలబడితే మా ఊళ్ళో దాన్ని వేరే పేరుతో పిలుస్తాం.

మేనేజరు టై కట్టుకుని వచ్చి, బఫేలో ఎవరికి కావలసింది వాళ్ళు తింటారు కాబట్టి అందరికీ ఫ్రీడం ఉంటుందన్నాడు. మా అమ్మకి ఫ్రీడం అక్కర్లేదు, కుర్చీ కావాలన్నాను. పెద్దవాళ్ళకి ఎవరైనా పళ్ళెంలో పెట్టి తెచ్చి ఇవ్వవచ్చన్నాడు. అంటే మళ్ళీ ఎవరో ఒక కోడలు తినకుండా తిరగాలన్నమాట. అదీగాక ఇన్ని గిన్నెలు కంటి ముందుంటే మా అమ్మ కుర్చీలో కూర్చుంటుందా? పట్టకార్లన్నీ కడిగించి, గరిటెలు మార్పించి, ఊళ్ళోవాళ్ళందరికీ తనే వడ్డిస్తుంది. దండం పెట్టి బయటపడ్డాం.

ఇంకోటి చూశాం, నాలుగో అంతస్తులో, లిఫ్టు చెడిపోయి ఉంది. మరోటి చూశాం, కూర్చున్న సోఫా కింద నుంచి బొద్దింక బయటికి వచ్చి, మమ్మల్ని చూసి తాపీగా వెనక్కి పోయింది. దానికి అక్కడ మాకంటే చనువుంది. అప్పటికి నాకు హోటలు తలుపు తీయగానే కొట్టే ఆ వాసన, ఏసీ చలి, పాత తివాచీ, వేగిన నూనె, సెంటు అన్నీ కలిసిన వాసన, ఇంటికి వచ్చి స్నానం చేసినా పోయేది కాదు. సిటీ వాళ్ళు డబ్బిచ్చి మరీ ఈ రోతలో ఎలా కూర్చుంటారో నాకిప్పటికీ అర్థం కాదు. మా ఆవిడ మాత్రం తొణకలేదు. మొదలెట్టాక వదలకూడదంది. అత్తగారి కోసం ఆవిడ పట్టుదల నాకంటే ఎక్కువని అప్పుడే తెలిసింది.

చివరికి దొరికిన హోటలు ఎలాంటిదో చెబితే మీరు నన్నే చీదరించుకుంటారు. ఊరి బయట, హైవే పక్కన. తమ్ముడు పంపిందే. లోపల పల్లెటూరు కట్టారు. వాకిట్లో సిమెంటు ఎడ్లు, సిమెంటు బండి. హాలు మధ్యలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు, దానికి పచ్చరంగు వేసిన ప్లాస్టిక్ గెలలు. గోడల మీద గోదావరి బొమ్మ, అందులో పడవ. ఎక్కడో పెట్టెలోంచి పిట్టల కూతలు, ఎద్దుల మెడగంటలు. సర్వర్లందరికీ నడుముకి లాస్టిక్ ఉన్న పంచెలు తొడిగి, తలకి ఎర్ర పాగాలు పెట్టారు. మా ఊళ్ళో అలాంటి పాగా కట్టినవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మేము పొద్దున్నే నిజం కొబ్బరితోటల మధ్య నుంచి బయల్దేరి, నిజం గోదావరి దాటి, ప్లాస్టిక్ చెట్టు కిందికి వచ్చి కూర్చున్నాం.

“ఆయ్, అచ్చం మీ కోనసీమేనండి. కూర్చున్నారంటే ఊరికెళ్ళినట్టే ఉంటాదండి,” అన్నాడు మేనేజరు.

“ఊరి నుంచే వచ్చేమండి,” అన్నాను.

బల్ల మీద ఆకు పరిచారు. కాగితం ఆకు. దాని మీద అరటాకు ఈనెలు అచ్చేశారు, ఒక చివర చిరుగు కూడా అచ్చేశారు. మా పెరట్లో అరటాకులు కోసేవాడు లేక గాలికి చీలికలైపోతుంటే, నేను నలభై కిలోమీటర్లు వచ్చి ఆకు బొమ్మ మీద తినాలి. ఆకులు మేమే తెచ్చుకుంటామని అడిగాను. బయటి వస్తువులు రానివ్వమన్నాడు. ఆకు వస్తువెలా అవుతుందన్నాను. శుభ్రత కోసం అలా నియమం పెట్టుకున్నామన్నాడు. అప్పుడే మా ఆవిడ బాత్రూం నుంచి వచ్చింది. నేను ఆవిడ మొహం చూశాను. మరీ అంత దారుణంగా లేదన్నట్టు చెయ్యి ఊపింది.

కానీ అక్కడ బల్లలు బారుగా వేశారు. కూర్చోబెట్టి వడ్డిస్తారు, మళ్ళీ మళ్ళీ వచ్చి అడుగుతారు. ఒక బల్ల గోడ పక్కనే ఉంది. వంటింటికి ఇనుప తలుపు, దానికి హోటలు వాళ్ళు తప్ప ఇంకెవరూ తీయలేని తాళం. ఆ తాళం చూశాక నేను ఒప్పేసుకున్నాను. అంత అసహ్యపడుతూ నేను చేసిన ఏర్పాటు ఇంకొకటి లేదు.

అమ్మకి ఎనభై నిండిన ఆదివారం అందరూ వచ్చేశారు. అక్క చెరువులు వదిలి వచ్చింది. తమ్ముడూ వాళ్ళూ ముందు రోజే దిగారు. అమ్మ కొత్త చీర కట్టుకుని, దారి పొడుగునా వడ్డన ఎవరు చూస్తున్నారని అడుగుతూనే ఉంది. హోటలు వాళ్ళే చూసుకుంటారంటే, వాళ్ళకి మనవాళ్ళలో ఎవరేం తింటారో ఎలా తెలుస్తుందంది. లోపలికి రాగానే ప్లాస్టిక్ కొబ్బరిచెట్టుని చేత్తో తట్టి చూసింది.

“బాగానే ఉందిరా. దీనికి దింపు గొడవ లేదు, పురుగు పట్టదు,” అంది.

నేను తప్ప అందరూ నవ్వారు. ఆవిడకి అన్నీ బాగున్నాయి. సిమెంటు ఎడ్లు బాగున్నాయి, పిట్టల కూతలు బాగున్నాయి. నేను వారాల తరబడి ముక్కు మూసుకుని తిరిగి, ఉన్నవాటిలో తక్కువ రోతదాన్ని ఏరి తెచ్చానని ఆవిడకేం తెలుసు.

గోడ పక్కన బల్లకి నట్టనడుమ అమ్మని కూర్చోబెట్టాం. వెనక గోడ, ముందు బల్ల, ఒక పక్క అక్క, ఇంకో పక్క బావగారు. లేవడానికి సందు లేదు. అయినా లేవబోయింది. మునిమనవడికి ఇంకా మంచినీళ్ళు పెట్టలేదని ఒకసారి, కోడలి చీర మీద సర్వర్ పచ్చడి ఒలికించాడని ఒకసారి. రెండుసార్లూ అక్క భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది. ఈలోగా పాగాల వాళ్ళందరూ డప్పు వాయించుకుంటూ వచ్చి చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టి, అమ్మ తలకి అట్ట కిరీటం పెట్టారు. దాని మీద హోటలు పేరు అచ్చేసి ఉంది. అది వాళ్ళ మర్యాదట. ఎనభయ్యేళ్ళ మనిషి నెత్తిన తమ ప్రకటన అంటించడం మర్యాద ఎలా అవుతుందో నాకు తెలియదు. నేను తీసేయబోతే మునిమనవడు ఏడుపు లంకించుకున్నాడు. ఉండనివ్వమంది అమ్మ.

వడ్డన మొదలైంది. నేను చెప్పినట్టే ముందు అమ్మ ఆకులో వేశారు. అన్నం చూడగానే నా ఒళ్ళు మండింది. ఎప్పుడు వండారో, అంచులు ఎండి అట్టకట్టి ఉంది. పప్పు మీద మీగడ కట్టింది. గరిటెతో కదిపితే ముద్దగా కదిలింది. నేను లేచి ఆ మేనేజరుని పిలిచి అందరి ముందూ కడిగేశాను. ఇది మా అమ్మ తొలి బంతి అని, ఇలాంటి చద్దికూడు పెట్టడానికా ఇంత హంగు చేశారని అడిగాను. ఆ ఆకులన్నీ ఎత్తేయించి, పొయ్యి మీంచి దించిన అన్నం తెస్తే తప్ప ఒక్కరూ ముట్టుకోరని చెప్పాను. మరదలు మొహమాటంతో తల దించుకుంది. పోనీలే అన్నయ్యా, ఈలోగా ఫోటోలు తీసుకుందామన్నాడు తమ్ముడు. నేను వినలేదు. నా మాట నెగ్గింది. కాసేపటికి కొత్త ఆకులు వేసి, గుండిగతోనే అన్నం తెచ్చారు. మూత తీస్తే ఆవిరి పైదాకా లేచింది. అమ్మ ఆకులో అన్నం, సెగలు కక్కుతున్న పప్పు, వేయగానే కరిగిపోయిన నెయ్యి. అప్పుడు నా మనసు కాస్త శాంతించింది. ఇన్ని వారాల్లో ఒక్క పని తిన్నగా చేశాననిపించింది.

“అమ్మా, కానియ్,” అన్నాను.

అందరూ మొదలెట్టారు. ఆకలి మీద ఉన్నారేమో, ఉఫ్ ఉఫ్ మని ఊదుకుంటూ, ముద్ద మీద ముద్ద. అమ్మ మాత్రం చెయ్యి పెట్టలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని అందర్నీ చూస్తూ కూర్చుంది. తమ్ముడు తొలిముద్ద వీడియో తీస్తానని ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. అందరూ మొదలెట్టలేదేమోనని చూస్తోందనుకుని, అందరం తింటున్నాం చూడమ్మా అని చెప్పింది అక్క. నాన్న గుర్తొచ్చి ఉంటాడన్నాడు తమ్ముడు. చెంచా కావాలేమో అని మరదలు సర్వర్ని పిలిచింది. మేనేజరు చేతులు నలుపుకుంటూ వచ్చి, ఏమైనా తేడా వచ్చిందా అండీ అన్నాడు. వస్తే మార్చేస్తామండి అన్నాడు. వాణ్ణి చూడగానే నాకు మళ్ళీ మండింది. నోరు తెరవబోతూ బల్ల మీదుగా అమ్మ వైపు వంగాను.

అమ్మ నన్ను ఇంకా దగ్గరికి రమ్మన్నట్టు తల ఊపింది. మేనేజరుకి వినపడకూడదని గొంతు తగ్గించింది.

“కేకలెయ్యకురా, బాగోదు. అన్నం మంచిదే. బాగా వేడిగా ఉంది, అంతే. నాకలవాటు లేదు కదరా. కాస్త చల్లారేక తింటాను. మీరు కానివ్వండి.”

టీలో చక్కెర వద్దని చెప్పినట్టు చెప్పింది. అందులో నిష్ఠూరం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఎదురు చూడటం ఆవిడకి ఇబ్బందిగా కూడా లేదు.

నేను అలాగే వంగి ఉండిపోయాను. మా వసారా కనిపించింది. మేము పొగలు కక్కే అన్నంలో వేళ్ళు కాల్చుకుని, తిని, చేతులు కడుక్కుని, నడుం వాల్చి, ఒక కునుకు తీసి లేచేసరికి లోపల కడబంతి నడుస్తూ ఉండేది. ఆ వేళకి ఏ గిన్నెలో ఏముంటుందో, ఎంత వేడి మిగులుతుందో నేనెప్పుడూ తొంగి చూడలేదు. అంటుకున్న మెనూ, పెరుగులో మెతుకులు, సోఫా కింద బొద్దింక, ఇన్ని రోజులూ ఎవరెవర్ని చూసి చీదరించుకున్నానో ఆ చీదరంతా వెనక్కి తిరిగి నా ఇంటి మీద పడింది. బాత్రూంలు చూసి వంటిళ్ళని అంచనా వేసినవాణ్ణి, నా ఇంటి వంటింట్లో ఎవరు ఏం తింటున్నారో చూడలేదు. రోత పుట్టింది. ఈసారి దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

ఈలోగా తమ్ముడికి తొందరొచ్చింది. అమ్మా, ఒక్క ముద్ద, వీడియో కోసం అన్నాడు. వద్దురా అనబోయాను. అంతలోనే అమ్మ, కొడుకు అడిగాడు కదా అని, పప్పూ అన్నం గబగబా కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. నాలుక కాలింది. అందరూ చూస్తున్నారని ఉమ్మలేదు. బుగ్గలు అటూ ఇటూ తిప్పి, కళ్ళు మూసుకుని మింగేసింది. కళ్ళు తెరిచేసరికి రెండు చెంపల మీదా నీళ్ళు కారుతున్నాయి. కిరీటం పక్కకి ఒరిగింది. హాలంతా చప్పట్లు. అక్క కూడా కళ్ళు తుడుచుకుంది. తొలి బంతిలో అమ్మ ఆనందబాష్పాలు అని రాసి తమ్ముడు ఆ వీడియో అక్కడికక్కడే చుట్టాలందరికీ పంపాడు. నా జేబులో ఫోను మోగుతూనే ఉంది. దండాలు, పూలగుత్తులు, పుణ్యాత్ములు మీరు అని పొగడ్తలు.

ఫోను కట్టేశాను. వచ్చి నా చోట్లో కూర్చున్నాను. అప్పటికి పిల్లలు రసంలోకి వచ్చేశారు, బావగారు పెరుగడుగుతున్నారు. అమ్మ మళ్ళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా మా ఆవిడ ఆకు చూశాను. పప్పు ఎక్కడ వేసింది అక్కడే ఉంది. అన్నాన్ని వేళ్ళ చివర్లతో ఆకు అంచులదాకా పలచగా పరిచి, మధ్యలో చిన్న గుంట చేసి, చెయ్యి పక్కన పెట్టుకుని కూర్చుంది.

“తినవేం?” అన్నాను.

“చల్లారనివ్వండి. మీరు కానివ్వండి,” అంది.